స్వరలిపి, విమర్శ, మదనపల్లె: మార్గరెట్ కజిన్స్ సంగీత జీవితం – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఐర్లండులో పాశ్చాత్య సంగీత పట్టభద్రురాలై, 1915లో భారతదేశానికి వచ్చి, మరుసటి ఏడు నుంచి మదనపల్లెలో నివసించిన మార్గరెట్ కజిన్స్ పేరు మహిళోద్యమ చరిత్రలో సుప్రసిద్ధం. జాతీయగీతానికి సంబంధించిన 1919 నాటి ఘటన ద్వారా ఆమె స్థానిక స్మృతిలోనూ నిలిచింది. సంగీత విమర్శకురాలిగా మాత్రం ఆమెను తెలుగు పరిశోధన అంతగా పట్టించుకోలేదు. ఆంగ్ల సంగీత విమర్శ సంప్రదాయం నేపథ్యంలో ఆమె జీవితాన్ని, కృషిని పరిచయం చేసి, స్వరలిపి అనే సమస్యను కేంద్రంగా తీసుకొని తెలుగు సంగీత విమర్శ చరిత్రలో ఆమెకు ఏ స్థానం ఇవ్వవచ్చునో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సంగీత విమర్శ, ఒపేరా, స్వరలిపి, మదనపల్లె, దివ్యజ్ఞాన సమాజం, గమకం.

1. ఉపోద్ఘాతం

పాశ్చాత్య దేశాలలో ఒపేరా విమర్శ ఒక వృత్తి. దానికి మూడు ఆధారాలు ఉండాలి: ఏడాది పొడుగునా ప్రదర్శనలు జరిగే నాటకశాల, మరునాటి ఉదయమే అభిప్రాయాన్ని అచ్చువేసే దినపత్రిక, స్వరకర్త రాసిపెట్టిన స్వరపత్రం. విమర్శకుడు ఆ స్వరపత్రాన్ని చదివి వెళతాడు. రాసినదానికీ పాడినదానికీ మధ్య దూరాన్ని కొలుస్తాడు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ వృత్తి నిలవదు.

తెలుగునాట పాటతో నడిచే నాటకానికి కొరత లేదు. యక్షగానం, వీధినాటకం, త్యాగరాజస్వామి రచించిన 'ప్రహ్లాదభక్తివిజయం', 'నౌకాచరిత్రం' వంటి గేయనాటకాలు, 1880ల తరువాత వచ్చిన పద్యనాటకం అన్నీ ఆ కోవలోనివే. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో 'కీచకవధ' ప్రదర్శనతో సురభి నాటక సమాజం మొదలైంది. మదనపల్లె తాలూకా అప్పటికి ఆ కడప జిల్లాలోనిదే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఆ తాలూకా కొత్త జిల్లాలో చేరింది. అయితే ఈ ప్రదర్శనలకు స్వరపత్రం లేదు. మట్టు గురువు గొంతు నుంచి శిష్యుని గొంతుకు చేరేది. కనుక ఇక్కడి సంగీత విమర్శ వేరే పునాదిపై నిలవవలసి వచ్చింది.

స్వరపత్రం చదవడంలో శిక్షణ పొందిన వ్యక్తి, స్వరపత్రమే లేని సంగీతం మధ్యకు వచ్చి స్థిరపడితే ఆమె విమర్శ ఏమవుతుంది? మార్గరెట్ కజిన్స్ జీవితం ఈ ప్రశ్నకు దొరికే అరుదైన ఉదాహరణ. పుంగనూరు, పెద్దతిప్పసముద్రం ప్రాంతాలకు పొరుగున ఉన్న మదనపల్లె ఆ ఉదాహరణకు రంగస్థలం కావడం తెలుగు పరిశోధకులకు ప్రత్యేకంగా గమనింపదగిన విషయం.

2. నేపథ్యం: ఆంగ్ల సంగీత విమర్శ, భారతీయ సంగీతం

పందొమ్మిదో శతాబ్ది చివరినాటికి లండన్ పత్రికలలో సంగీత విమర్శ సాహిత్య ప్రక్రియ స్థాయికి ఎదిగింది. దాన్ని అలా ఎదిగించిన వారిలో డబ్లిన్‌లో పుట్టిన జార్జ్ బెర్నార్డ్ షా ముఖ్యుడు. నాటకకర్తగా పేరు రాకముందే ఆయన 1888–89లో 'ది స్టార్' పత్రికలో మారుపేరుతోనూ, 1890–94 మధ్య 'ది వరల్డ్'లోనూ సంగీత సమీక్షలు రాశాడు. వాగ్నర్ ఒపేరాలపై 1898లో 'ది పర్ఫెక్ట్ వాగ్నరైట్' అనే గ్రంథం ప్రకటించాడు. పండిత పరిభాషను పక్కనపెట్టి, మామూలు శ్రోతకు అర్థమయ్యే వచనంలో సంగీతాన్ని చర్చించడం ఆయన చేసిన మేలు.

ఈ సంప్రదాయం నుంచే భారతీయ సంగీతం వైపు తిరిగినవాడు ఎ.హెచ్. ఫాక్స్ స్ట్రాంగ్‌వేస్. 1911 నుంచి 'ది టైమ్స్'కు, 1925 నుంచి 'ది అబ్జర్వర్'కు సంగీత విమర్శకుడిగా పనిచేసిన ఈయన భారతదేశంలో పర్యటించి 1914లో 'ది మ్యూజిక్ ఆఫ్ హిందుస్తాన్' అనే గ్రంథాన్ని వెలువరించాడు. 1920లో 'మ్యూజిక్ అండ్ లెటర్స్' అనే విద్వత్పత్రికను స్థాపించాడు. ఈయనకు ముందే సైనికాధికారి సి.ఆర్. డే 1891లో దక్షిణ భారత సంగీతాన్ని, వాద్యాలను గురించి సచిత్ర గ్రంథం రాశాడు. ఐర్లండుకే చెందిన వయొలిన్ విదుషీమణి మాడ్ మెకార్తీ అనీబిసెంట్ వెంట భారతదేశానికి వచ్చి, ఇక్కడి సంగీతాన్ని నేర్చుకొని, తిరిగి వెళ్లి దానిపై ఉపన్యాసాలు ఇచ్చింది.

వీరందరూ చూసి, విని, తిరిగి వెళ్లి రాసినవారు. వారి పాఠకులు ఇంగ్లండులో ఉన్నారు. మార్గరెట్ కజిన్స్ తిరిగి వెళ్లలేదు. ఆమెకూ వారికీ ఉన్న మొదటి తేడా ఇది.

3. ఐర్లండు నుంచి మదనపల్లెకు

మార్గరెట్ గిలెస్పీ 1878లో ఐర్లండులోని రాస్కామన్ కౌంటీ, బాయిల్ పట్టణంలో ప్రొటెస్టంట్ కుటుంబంలో జన్మించింది. డబ్లిన్‌లో సంగీతం అభ్యసించి 1902లో రాయల్ యూనివర్సిటీ ఆఫ్ ఐర్లండు నుంచి సంగీతంలో పట్టం పొందింది. 1903లో బెల్‌ఫాస్ట్‌కు చెందిన కవి జేమ్స్ హెన్రీ కజిన్స్‌ను వివాహమాడింది. వివాహానంతరం కొంతకాలం సంగీత బోధన చేసింది.

జేమ్స్ కజిన్స్ (1873–1956) ఐరిష్ సాహిత్య పునరుజ్జీవనంలో పాలుపంచుకొన్నవాడు. ఐరిష్ జాతీయ నాటకశాల పుట్టుకకు కారకులైన ఫే సోదరులను కవి జార్జ్ రసెల్‌కు పరిచయం చేసింది ఆయనే. ఆయన నాటకాలు 1902లో డబ్లిన్ రంగస్థలం ఎక్కాయి. 1904లో యువ రచయిత జేమ్స్ జాయిస్ కొద్దిరోజులు ఈ దంపతుల ఇంట బస చేశాడు. జాతి స్వాతంత్ర్యానికీ జాతి కళకూ విడదీయరాని సంబంధం ఉందన్న భావన ఆనాటి డబ్లిన్ వాతావరణంలోనే ఉంది. మదనపల్లెలో ఈ దంపతులు చేసిన పనికి బీజం ఆ భావనే.

మార్గరెట్ 1908లో ఐరిష్ మహిళల ఓటుహక్కు సంఘం స్థాపకులలో ఒకరయింది. ఓటుహక్కు పోరాటంలో 1910లో లండన్‌లోనూ, 1913లో ఐర్లండులోనూ జైలుకు వెళ్లింది. 1913లో దంపతులు లివర్‌పూల్‌కు తరలివెళ్లారు. దివ్యజ్ఞాన సమాజంతో ఉన్న అనుబంధం వల్ల 1915లో మద్రాసు చేరారు. జేమ్స్ అనీబిసెంట్ నడుపుతున్న 'న్యూ ఇండియా' పత్రికలో సాహిత్య విభాగం చూసేవాడు. 1916 ఈస్టర్ తిరుగుబాటు నాయకులను శ్లాఘిస్తూ ఆయన రాసిన వ్యాసం ప్రభుత్వానికి కంటగింపు కావడంతో ఆ ఉద్యోగం పోయింది. ఆ తరువాత ఆయన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో ఆంగ్ల ఆచార్యుడయ్యాడు. తరువాత ప్రిన్సిపాల్‌గానూ పనిచేశాడు. ఈ విధంగా ఒక ఐరిష్ రాజకీయ ఘటన సంగీత పట్టభద్రురాలిని తెలుగు గడ్డపైకి తెచ్చింది.

4. మదనపల్లె: విమర్శకు దొరికిన తావు

మదనపల్లె కళాశాల 1915లో స్థాపితమైంది. చిన్న పట్టణంలోని ఆ కళాశాల నుంచి వెలువడిన విమర్శ దేశవ్యాప్తంగా ఎంత దూరం ప్రయాణించిందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. జేమ్స్ కజిన్స్ 1917లో 'న్యూ వేస్ ఇన్ ఇంగ్లీష్ లిటరేచర్' అనే విమర్శ గ్రంథం ప్రకటించాడు. పాండిచ్చేరిలో శ్రీ అరవిందులు దాన్ని తమ 'ఆర్య' పత్రికలో సమీక్షించడం మొదలుపెట్టారు. ఆ సమీక్షే పెరిగి పెరిగి 1917 డిసెంబరు నుంచి 1920 జూలై వరకు ధారావాహికగా సాగి 'ది ఫ్యూచర్ పొయెట్రీ' అనే కావ్యతత్త్వ గ్రంథమైంది. 1924లో మైసూరులో తన ఆంగ్ల కవితలు చూపడానికి వచ్చిన యువకుడిని మాతృభాషలో రాయవలసిందిగా ప్రోత్సహించినవాడు కూడా జేమ్స్ కజిన్సే. ఆ యువకుడు తరువాతి కాలంలో కన్నడ మహాకవి కువెంపు అయ్యాడు.

సొంత భాషలో రాయాలన్న సలహా భర్తది. మార్గరెట్ ముందు నిలిచిన ప్రశ్నకు దానితో దగ్గరి పోలిక ఉంది: ఒక జాతి సంగీతాన్ని ఏ లిపిలో రాయాలి? చెక్కభజన, హరికథ, వీధినాటకం నిత్యజీవితంలో భాగమైన రాయలసీమ నేలపై, పియానో వాయించే ఈ విదుషి ఎదుట ఆ ప్రశ్న 1919లో ప్రత్యక్షంగా నిలిచింది.

5. 1919 ఫిబ్రవరి: జరిగినది, జరగనిది

1919 ఫిబ్రవరి చివరి వారంలో రవీంద్రనాథ్ ఠాగూరు దక్షిణ భారత పర్యటనలో భాగంగా మదనపల్లె వచ్చి కళాశాలలో కొన్ని రోజులు విశ్రాంతి తీసుకొన్నారు. విద్యార్థుల పాటల కూడికలో ఆయన 'జనగణమన' పాడారు. పల్లవిలోని జయకారాన్ని విద్యార్థులు అందుకొన్నారు. ఫిబ్రవరి 28న ఆయన ఆ గీతాన్ని 'ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా' పేరుతో ఆంగ్లంలోకి అనువదించారు. మార్గరెట్ ఆయనతో సంప్రదిస్తూ పాట బాణీని పాశ్చాత్య స్వరలిపిలో రాసింది. ఈ వృత్తాంతాన్ని దంపతులిద్దరూ కలిసి రాసి 1950లో ప్రకటించిన ఆత్మకథ 'వుయ్ టూ టుగెదర్' నమోదు చేసింది.

ఈ ఘటనను చెప్పేటప్పుడు మార్గరెట్ కజిన్స్ జాతీయగీతానికి బాణీ కట్టిందని కొన్ని చోట్ల వినిపిస్తుంది. ఇది సరికాదు. ఆ గీతం 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ సభలోనే పాడబడింది. మదనపల్లెకు రాకముందే దానికి బాణీ ఉంది, ఆ బాణీ ఠాగూరుది. మార్గరెట్ చేసినది లిప్యంతరం. ఈ సవరణ వల్ల ఆమె గౌరవం తగ్గదు సరికదా, ఆమె పనిని సరైన శాస్త్రంలో, అంటే సంగీత విమర్శలో, నిలబెట్టి చూసే వీలు కలుగుతుంది. బాణీ కట్టడం సృజన. విన్న బాణీలో ఏది ముఖ్యం, ఏది గాయకుని తాత్కాలిక విశేషం, ఏది రాయాలి, ఏది వదలాలి అని నిర్ణయించడం విమర్శ. స్వరలిపి రాసే ప్రతి వ్యక్తీ ఆ క్షణాన విమర్శకుడే.

'జనగణమన' విషయంలో ఈ నిర్ణయం కొంత సులభమైంది. ఆ బాణీ ప్రధానంగా బిలావల్ స్వరాలపై నడుస్తుంది. కర్ణాటక సంప్రదాయంలో దానికి సాటి ధీరశంకరాభరణం, పాశ్చాత్యుల మేజర్ స్కేలుకూ అదే సాటి. పైగా బృందగానానికి అనువైన ఈ పాటలో దీర్ఘ గమకాలకు చోటు తక్కువ. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బ్యాండు బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చి నొట్టుస్వర కీర్తనలు రచించినప్పుడు కూడా శంకరాభరణమే వేదిక అయింది. రెండు సంగీతాలకు మధ్య ఆ మేళం ఒక వంతెన వంటిది. మార్గరెట్ లిప్యంతరం ఆ వంతెన మీద రెండో దిశగా నడిచిన ప్రయాణం. దీక్షితుల కాలంలో పాశ్చాత్య బాణీ భారతీయ సాహిత్యంలోకి వచ్చింది. మదనపల్లెలో భారతీయ బాణీ పాశ్చాత్య లిపిలోకి వెళ్లింది. దానివల్ల బ్యాండు వాయించేవారూ, పియానో ముందు కూర్చున్నవారూ చదవగల రూపం ఆ పాటకు లభించింది.

ఈ కథలో జేమ్స్ కజిన్స్ పాత్ర 1919తో ముగియలేదు. 1937లో జాతీయగీతం ఏది కావాలన్న వివాదం రేగినప్పుడు, మళ్లీ మదనపల్లె కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆయన 'జనగణమన'కే ఆ గౌరవం ఇవ్వాలని పత్రికాముఖంగా వాదించాడు. 1950 జనవరి 24న రాజ్యాంగ సభ ఆ గీతం మొదటి చరణాన్ని జాతీయగీతంగా ప్రకటించింది.

6. స్వరలిపి సమస్య: తెలుగు లిపి ఇచ్చిన సమాధానం

భారతీయ గానాన్ని పాశ్చాత్య లిపిలో రాసిన తొలివ్యక్తి మార్గరెట్ కాదు. మద్రాసులో ఎ.ఎం. చిన్నస్వామి మొదలియారు 1893లోనే 'ఓరియంటల్ మ్యూజిక్ ఇన్ యూరోపియన్ నొటేషన్' పేరుతో త్యాగరాజ కీర్తనలను పాశ్చాత్య లిపిలో ప్రచురించాడు. సంప్రదాయం నశించకుండా లోకానికంతటికీ అందాలన్నది ఆయన ఆశయం. ఆయన ప్రోత్సాహం కూడా తోడై సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని వెలువరించాడు. ఆ మహాగ్రంథం అచ్చయింది తెలుగు లిపిలో. ఏ స్వరానికి కంపితం, ఏ స్వరానికి జారు అన్నది చెప్పడానికి అందులో గమక చిహ్నాలు ప్రత్యేకంగా ఏర్పాటయ్యాయి.

ఈ రెండు గ్రంథాల సరసన మదనపల్లె లిప్యంతరాన్ని ఉంచి చూస్తే ఒక విమర్శ సూత్రం స్పష్టమవుతుంది. పాశ్చాత్య స్వరలిపి స్వరస్థానాన్ని, కాలప్రమాణాన్ని కచ్చితంగా చెబుతుంది. కాని ఒక స్వరం నుంచి మరో స్వరానికి గొంతు ఏ దారిన వెళ్లిందో చెప్పడం దానికి కష్టం. శంకరాభరణంలోని బృందగీతానికి ఆ లోటు పెద్దగా తెలియదు. తోడిలోనో, బేగడలోనో కీర్తన రాయబోతే రాగమే జారిపోతుంది. ప్రదర్శిని తెలుగు లిపికి గమక చిహ్నాలను జోడించి ఆ దారిని కూడా రాయబూనింది. అందుకు బదులుగా అది ఆ సంప్రదాయం తెలిసినవారే చదవగల గ్రంథమైంది. ఒక లిపికి వ్యాప్తి ఎక్కువ, మరొక లిపికి లోతు ఎక్కువ. విమర్శకుడు ఎవరి కోసం రాస్తున్నాడో అన్నదాన్ని బట్టి లిపి నిర్ణయమవుతుంది. మార్గరెట్ రాసింది దేశమంతా కలిసి పాడవలసిన పాటను; ఆ అవసరానికి ఆమె ఎంచుకొన్న లిపి తగినదే.

7. 'ది మ్యూజిక్ ఆఫ్ ఓరియంట్ అండ్ ఆక్సిడెంట్'

మదనపల్లె తరువాత మార్గరెట్ జీవితంలో ప్రజారంగానిదే పైచేయి. 1917లో అడయారులో ఏర్పడిన భారత మహిళా సంఘం స్థాపకులలో ఆమె ఒకరు. అదే ఏడాది చివర సరోజినీ నాయుడు నాయకత్వాన మాంటేగును కలిసి మహిళలకు ఓటుహక్కు కోరిన ప్రతినిధి వర్గానికి వెనుక ఉండి కృషి చేసింది. 1927లో పూనాలో జరిగిన అఖిల భారత మహిళా సభకు ఆమె చొరవే మూలం. అత్యవసర ఆజ్ఞలను ధిక్కరిస్తూ మద్రాసులో ప్రసంగించినందుకు 1932లో జైలుశిక్షకు గురై వెల్లూరు చెరసాలలో గడిపింది.

ఈ పనుల మధ్య కూడా సంగీత చింతన ఆగలేదనడానికి సాక్ష్యం 1935లో మద్రాసు నుంచి వెలువడిన 'ది మ్యూజిక్ ఆఫ్ ఓరియంట్ అండ్ ఆక్సిడెంట్' అనే వ్యాస సంపుటి. పరస్పర అవగాహన దిశగా సాగే వ్యాసాలని దాని ఉపశీర్షికే ప్రకటిస్తుంది. ఆ ఉపశీర్షికలోని 'పరస్పర' అన్న భావం విలువైనది. డే, ఫాక్స్ స్ట్రాంగ్‌వేస్ గ్రంథాలు భారతీయ సంగీతాన్ని పాశ్చాత్యునికి వివరిస్తాయి. వివరణ ఒక దిక్కుకే ప్రవహిస్తుంది. మార్గరెట్ గ్రంథం మద్రాసులో అచ్చయి, ఇక్కడి పాఠకునికి అక్కడి సంగీతాన్నీ అక్కడి పాఠకునికి ఇక్కడి సంగీతాన్నీ పరిచయం చేయదలచింది.

కాలం కూడా అటువంటి చర్చకు అనువుగా ఉంది. 1927లో మద్రాసు కాంగ్రెస్ మహాసభతోపాటు జరిగిన సంగీత సమావేశం ఫలితంగా మరుసటి సంవత్సరం మద్రాసు సంగీత అకాడమీ ప్రారంభమైంది. లిపి, శ్రుతి, సభాగానం వంటి విషయాలపై విద్వాంసులు బహిరంగంగా చర్చించుకొనే వేదిక ఏర్పడింది. హార్మోనియం వివాదం ఆ రోజులదే. మాడ్ మెకార్తీ భర్త, ఆంగ్ల స్వరకర్త జాన్ ఫౌల్డ్స్ ఆకాశవాణిలో పనిచేస్తూ ఆ వాద్యాన్ని విమర్శించాడు. 1940లో ఆకాశవాణి దాన్ని నిషేధించింది. తెలుగు పద్యనాటకానికి ప్రాణవాయువైన వాద్యం, గమకాన్ని పలికించలేదన్న కారణంగా రేడియోకు దూరమైంది. స్వరలిపి గురించి వచ్చిన ప్రశ్నే ఇక్కడ వాద్యం రూపంలో తిరిగి వచ్చింది: స్వరానికీ స్వరానికీ మధ్య దారిని పలకలేని సాధనం ఈ సంగీతానికి పనికివస్తుందా?

మార్గరెట్ దృష్టికి పరిమితి కూడా ఉంది. ప్రాచ్యం, ప్రతీచ్యం అనే రెండు పెద్ద విభాగాలు దివ్యజ్ఞాన సమాజ ఆలోచనకు సహజమైనవి. కాని ప్రాచ్యం అన్న ఒక్క మాట కింద బెంగాలీ గీతం, క్షేత్రయ్య పదం, చెక్కభజన ఒకే వరుసలో చేరిపోతాయి. పదంలో స్వరాన్ని నడిపించేది భాష. నాయిక మాటలోని విరుపు తెలియనిదే ఆ సంగీతం పూర్తిగా తెలియదు. ఆ పని తెలుగు తెలిసిన విమర్శకునిదే.

8. లోపలి విమర్శకుడు: రాళ్లపల్లితో పోలిక

ఆ పని చేసినవారిలో అగ్రగణ్యులు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979). అనంతపురం జిల్లాలో జన్మించి, మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాలపాటు తెలుగు ఆచార్యులుగా పనిచేసిన ఆయన సాహిత్యంలోనూ సంగీతంలోనూ సమాన ప్రజ్ఞ గల విమర్శకులు. తరువాత తిరుపతిలో తాళ్లపాక కవుల రేకులను పరిశోధించి, రాగం పేరు మాత్రమే మిగిలి స్వరం పోయిన అన్నమాచార్య సంకీర్తనలకు స్వరకల్పన చేశారు.

ఇద్దరి పనినీ పక్కపక్కన ఉంచితే వైరుధ్యం ఆసక్తికరంగా ఉంటుంది. మార్గరెట్ చేతిలో గొంతు ఉంది, లిపి లేదు. ఆమె విని రాసింది. రాళ్లపల్లి చేతిలో లిపి ఉంది, గొంతు లేదు. ఆయన చదివి పాడించారు. ఆమెకు స్వరకర్త ఎదుట కూర్చొని సందేహం తీర్చాడు. ఆయనకు సందేహం తీర్చవలసిన వాగ్గేయకారుడు నాలుగు శతాబ్దాల దూరంలో ఉన్నాడు. ఆ దూరాన్ని దాటడానికి రాళ్లపల్లికి తోడ్పడినది పదకవిత్వంలోని ఛందస్సు, నడక, భావం. అంటే సాహిత్య విమర్శే సంగీత విమర్శకు ఆధారమైంది. ఒపేరా విమర్శకునికి స్వరపత్రం ఎంతటిదో, తెలుగు సంగీత విమర్శకునికి సాహిత్యం అంతటిది.

9. ముగింపు

పక్షవాతంతో చివరి దశాబ్దాన్ని గడిపిన మార్గరెట్ కజిన్స్ 1954 మార్చి 11న మరణించింది. జేమ్స్ కజిన్స్ 1956 ఫిబ్రవరి 20న మదనపల్లెలోనే కన్నుమూశాడు. ఆమె రచనలు ఆంగ్లంలో ఉండడం వల్ల తెలుగు సాహిత్య చరిత్రలోకి రాలేదు. మహిళోద్యమ నాయకురాలిగా వచ్చిన ఖ్యాతి ఆమె సంగీత విద్వత్తును కప్పివేసింది. 1919 ఘటన స్థానిక గర్వకారణంగా మిగిలి, శాస్త్ర చర్చకు విషయం కాలేదు.

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, మదనపల్లెలో మార్గరెట్ కజిన్స్ చేసినది స్వరకల్పన కాదు, లిప్యంతరం. దాన్ని విమర్శ క్రియగా గుర్తించడమే ఆమెకు తగిన గౌరవం. రెండవది, 1893 నాటి మొదలియారు ప్రచురణ, 1904 నాటి ప్రదర్శిని, 1919 నాటి మదనపల్లె లిప్యంతరం, ఆ తరువాతి అన్నమయ్య స్వరకల్పనలు ఒకే సమస్యకు వచ్చిన నాలుగు సమాధానాలు. వీటిని వరుసగా చదివితే తెలుగు సంగీత విమర్శ చరిత్రకు ఒక నిర్మాణం దొరుకుతుంది. మూడవది, ఆ చరిత్రను తెలుగులో రాసిన రచనలకే పరిమితం చేయడం తగదు. తెలుగు నేలపై నడిచిన ఆలోచన ఏ భాషలో ఉన్నా అది ఇక్కడి విమర్శ చరిత్రలో భాగమే. 'ది మ్యూజిక్ ఆఫ్ ఓరియంట్ అండ్ ఆక్సిడెంట్' సంపుటి తెలుగులోకి సవ్యాఖ్యానంగా వస్తే ఈ దిశలో పరిశోధనకు గట్టి ఆధారం ఏర్పడుతుంది.